మగ్గము క్రింది చేయి

పెండ్లి ముహూర్తములు దగ్గరపడిన మాసములలో మన పట్టణములందలి ఏ దర్జీ దుకాణమునకు పోయినను, ఒక చేత పట్టుచీర సంచియు, మఱియొక చేత ఫోనును పట్టుకొని, ఫోనులోని సినిమానటి రవిక బొమ్మను వేలితో పెద్దది చేసి చూపుచు, “వీపు మీద నెమలి అచ్చం ఇలాగే రావాలి, చేతులకు మాత్రం చీర అంచులో ఉన్న బుటా వెయ్యండి, పదిహేనో తారీకుకల్లా ఇచ్చెయ్యాలి” అని తొందరపెట్టు తల్లీకూతుళ్ళు కనబడుదురు. వారి మాట పూర్తికాక మునుపే దుకాణదారు నోట వెడలు ప్రశ్న ఒక్కటే: “మగ్గమా, కంప్యూటరా?” ఈ రెండు మాటలలో ఒకదానిని ఎన్నుకొనుటతో వెలయు, గడువును తేలిపోవును. ఒకప్పుడు చీరకు తోడుగా, అణకువగా, పైట చాటున ఉండిన రవిక నేడు తఱచుగా చీరను మించిన వెల పలుకుచున్నది. చీరతో వచ్చిన గుడ్డనే రవికగా కుట్టించుకొని, మిగిలిన పీలికతో చిల్లరడబ్బుల సంచి కుట్టించుకొనిన మా అమ్మమ్మగారి సంగతి చెప్పిన నేటి వధువులు నవ్వుదురు, నవ్వనిండు. నాకు ఆ వెల మీద పేచీ లేదు. ఆ వెలలో ఎవరి పాలు ఎంత, ఆ పనితనము ఎవరి పేర చెలామణి యగుచున్నది అనుటయే నా పేచీ.

మగ్గమనగానే నేతగాని గుంటమగ్గము తలపునకు వచ్చువారికి ఒక మాట. ఇది నేయు మగ్గము కాదు. నాలుగు కఱ్ఱలను చతురస్రముగా బిగించి, నడుమ గుడ్డను డోలు మీది చర్మము వలె లాగి కట్టిన చట్రము మాత్రమే. హైదరాబాదు పాతబస్తీ కార్ఖానాలలో దీనినే కార్చోబ్ అనియు, అడ్డా అనియు అందురు. చట్రము పేరే పనికి పేరై, తెలుగునాట ‘మగ్గం వర్కు’ అను సంకరసమాసము పుట్టి స్థిరపడినది. పనివాడు మొదట పలుచని బటర్ పేపరు మీద గీసిన చిత్రముయొక్క గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుచును. ఆ కాగితమును బిగించిన గుడ్డపై పఱచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని పీలికతో రుద్దగా, చిల్లులగుండ దిగిన చుక్కలు గుడ్డ మీద తీగలై, ఆకులై, హంసలై నిలుచును. అటుపిమ్మట ఆరీ సూది. చూపునకు అది అతిసామాన్యమైన పరికరము: కఱ్ఱపిడికి తగిలించిన సన్నని ఉక్కుసూది, దాని మొనయందు కనబడీ కనబడని కొక్కెము. కుడిచేయి పైనుండి సూదిని గుడ్డలోనికి దింపును. ఎడమచేయి గుడ్డ క్రింద దారమును పట్టుకొని కాచుకొనియుండి, దిగిన కొక్కెమునకు దానిని తగిలించును. సూది పైకి లేచునప్పుడు దారపు ఉచ్చు ఒకటి దానితో లేచును. ఆ ఉచ్చులోనుండియే సూది మరల దిగును. ఇట్లు ఒక ఉచ్చులో మఱియొక ఉచ్చు చిక్కుకొని సాగిపోవునదే గొలుసుకుట్టు.

అట్టి కార్ఖానా ఒకదానిలో నేను ఒక మధ్యాహ్నమంతయు కూర్చుండి చూచితిని. డబ్బామూతలో పోసిన పూసలను సూదిమొనతోనే రెండుమూడేసిగా గ్రుచ్చి ఎత్తి, వ్రేలితో జార్చి, అవి దొర్లిపోక మునుపే దారమును పైకి లాగి బిగించు ఆ లాఘవమును చూచుచు గంటలు మఱచితిని. జర్దోసీ అనబడు లోహపు చుట్టను వడ్లగింజంత పొడవు ముక్కలుగా కత్తిరించి పెట్టుకొని, ఒక్కొక్క ముక్క బోలులోనుండి దారమును పోనిచ్చి ఆకు ఈనెగా వంచుట ఇంకను కష్టము. కొస ముడి వేయుట మఱచినచో, దారము చివర పట్టి లాగినంతనే గంటసేపటి గొలుసుకుట్టు క్షణములో ఊడివచ్చును. ఒక కుఱ్ఱవాడు నా యెదుటనే అట్లు ఊడదీసి, ఏమియు జరుగనట్లు మరల మొదలుపెట్టెను. అందఱ చూపును పైచేతి మీదనే యుండును. క్రిందిచేతిని చూచువారు లేరు. పనివాడు సహా చూడడు. కాని ఆ క్రిందిచేయి ఒక్క మాఱు తడబడినచో పైనున్న నెమలికి మెడ వంకరపోవును.

ఇక నా సొంత గోడు. మా చెల్లెలి కూతురి పెండ్లికి మగ్గపు రవిక యని, మగ్గపు వెలయే ఇచ్చి, మగ్గపు గడువే ఆగి తెచ్చుకొన్న రవిక, తలంబ్రాలవేళ ఆ పిల్లకు వీపంతయు ఒఱసి, సాయంకాలమునకు దద్దులు తేలినవి. తిరుగవేసి చూడగా లోపలివైపు నిండ తెల్లని దారమును, దానికి అతుక్కొని కాగితము వలె గఱుకుగానున్న పొరయును కనబడినవి. అది యంత్రపు కుట్టు. పైన నాలుగు పూసలు మాత్రము చేతితో అతికించిరి. ఆ దుకాణము పేరు ఇచ్చట అనవసరము, ఏలయనగా అట్టివి ఒకటి కాదు. యంత్రము పైదారమును, క్రింది బాబిను దారమును ముడివేసి కుట్టును గనుక, వెనుక తెల్లదారము పఱచుకొని యుండుటయు, గుడ్డ ముడుచుకొనకుండ వేసిన పొర మిగిలియుండుటయు దాని లక్షణములు. చేతిపనికి వెనుకవైపు ముడులు, కొసలు, తెగిపోయి మరల మొదలుపెట్టిన గీతలు, ఒక మనుష్యుని తొట్రుపాటు సమస్తము కనబడును. గుడ్డ వెనుకవైపు అబద్ధమాడదు.

ఇంత చెప్పినందున నేను యంత్రవిద్వేషినని ఎవరును భావింపవలదు. ఈ సూదియు, ఆ యంత్రమును జ్ఞాతులే గాని శత్రువులు కావు. ఆరీ సూదికి మూలము చెప్పులు కుట్టు మోచీల ఆరె యని కచ్ఛదేశపు సంప్రదాయము. తోలు మీద పనిచేసిన కొక్కెమే సన్నబడి పట్టు మీదికి ఎక్కినది. 17వ శతాబ్దమున గుజరాతు గొలుసుకుట్టు బట్టలు ఈస్టిండియా కంపెనీ ఓడలలో ఐరోపాకు విరివిగా పోయినవి. 18వ శతాబ్దము నడిమి భాగమునకు, తూర్పుదేశములనుండి చేరిన ఈ కొక్కెపు కుట్టును ఫ్రాన్సుదేశపు ప్రభుకాంతలు చిన్న డోలు వంటి గుండ్రని చట్రము మీద అభ్యసింపసాగిరి. డోలు వలె నుండుటచేతనే దానికి టాంబూర్ అను పేరు వచ్చినది. ఫ్రాన్సు రాజునకు కుట్టుపనుల చిత్రకారుడైన సెయింట్ ఆబిన్ 1770లో ప్రకటించిన గ్రంథమున ఈ పనిని వివరించినాడు. ఫ్రాన్సునందలి ల్యూనెవిల్ పట్టణము పేరిట నేటికిని సాగు కుట్టుపనిలో పూసలను ముందుగనే దారమునకు గ్రుచ్చి, గుడ్డను తలక్రిందుగా బిగించి, వెనుకవైపునుండి కుట్టుదురు; మనవాడు ముఖము చూచుచు కుట్టును, వారు వీపు చూచుచు కుట్టుదురు, కొక్కెము మాత్రము ఒక్కటే.

కథ అంతటితో ఆగలేదు. బార్తెలెమీ తిమోన్యే అను ఫ్రెంచి దర్జీ, పల్లెస్త్రీలు ఈ కొక్కెముతో కుట్టుటను చూచి, ఆ చేతి కదలికనే కఱ్ఱయంత్రమున నిలిపి, గొలుసుకుట్టు వేయు కుట్టుమిషనునకు 1830లో హక్కుపత్రము పొందెనని చెప్పుదురు. పారిస్ నగరమున 80 యంత్రములతో సైనికుల దుస్తులు కుట్టు కార్ఖానా వెలసినది. మరుసటి యేడు దర్జీలు గుంపుగా వచ్చి వానిని పగులగొట్టిరి. తిమోన్యే పేదవాడుగానే 1857లో మరణించెను. ఆ కాలముననే, 1828 ప్రాంతమున, ఆల్సేసు సీమలో హైల్మన్ అనునతడు అనేక సూదులతో ఒకేమాఱు కుట్టు యంత్రమును నిర్మించెను. 1863లో స్విట్జర్లాండువాడైన గ్రోబ్లీ షిఫ్లీ యంత్రమును కనిపెట్టెను. ఆ వంశమునందే, మన సందుచివరి దుకాణములలో రాత్రింబవళ్ళు టకటకలాడు జపాను తజిమాలు, బరూడన్‌లు పుట్టినవి. కావున ‘కంప్యూటర్ వర్కు’ మన ఆరీ సూదికి దూరపు మనుమరాలు. ఇంటికి తిరిగివచ్చిన మనుమరాలిని గుమ్మములో నిలిపివేయుట మర్యాద కాదు. ఆమె నాయనమ్మ నగలు పెట్టుకొని తానే నాయనమ్మనని చెప్పుకొన్నచో మాత్రము ఊరకుండరాదు.

ఆ మనుమరాలి విద్యను నేను తక్కువచేయను. నిమిషమునకు 800 నుండి 1000 కుట్లు వేయు యంత్రమునకు ఏ కుట్టు ఏ దిక్కుగా పడవలెనో, పట్టు ఎంత ముడుచుకొనునో, వెలుగు ఏ పార్శ్వమున మెఱయవలెనో ముందుగా లెక్కగట్టి చెప్పు పని, దుకాణములవారు డిజిటైజింగ్ అను పని, నిజముగా శిల్పమే. ఉపరితలమంతయు దారముతో నింపుట యంత్రమునకు విడిచి, ముడికుట్టును, జర్దోసీని, కుందనపు రాళ్ళను చేతికి అప్పగించు మిశ్రమపద్ధతి ఇప్పటికే మన ఊళ్ళలో సాగుచున్నది. నగలకంటె చదువుమీద డబ్బు పెట్టదలచిన తలిదండ్రులకు అది తగిన దారియే. కొన్ని రవికలలో ఆ కలయిక ఎంత చక్కగా కుదురుననగా, చేయి ఎక్కడ ఆగెనో, యంత్రము ఎక్కడ మొదలుపెట్టెనో అనుభవజ్ఞులు సహితము తడవి చూచిన గాని చెప్పలేరు. మిశ్రమమని చెప్పి అమ్మినచో అందులో దోషమేమి?

కాని లంబాడీ తండాల అద్దాలకుట్టునకు పట్టిన గతి చూచినప్పుడు ఈ ఔదార్యము నాలో కొంత సడలును. ఆ అద్దమునకు రంధ్రము లేదు. రంధ్రము లేని వస్తువును గుడ్డకు కుట్టుటెట్లు? దాని మీద అడ్డముగను, నిలువుగను నాలుగు దారములు లాగి, ఆ దారములనే పట్టుగొమ్మలుగా చేసికొని, చుట్టును కుట్టుతో అల్లి, ముఖము తెఱచియుంచి అంచు మూసివేయుదురు; అద్దము గుడ్డకు గాదు, దారపు పంజరమునకు బందీయై నిలుచును. ఎన్ని తరముల బుద్ధి ఇందు ఇమిడియున్నది! నేడు ప్లాస్టిక్ అద్దములను జిగురుతో అతికించిన పట్టీలు మీటర్ల లెక్కన దొరకుచు, ‘బంజారా డిజైను’ అను పేర అమ్ముడుపోవుచున్నవి. రెండు ఉతుకులకు ఊడిపోవు దానిని నవీనత యనుట నా చేత గాదు.

నవీనత యను మాటను మనము ఎక్కడ వెదకుచున్నామన్నదే అసలు చిక్కు. ఫ్యాషను ప్రదర్శనలలోను, దుకాణపు అద్దాలవెనుకను, రవిక వీపు ఎంత క్రిందికి దిగినది, నెమలికి బదులు వధూవరుల ముఖములు కుట్టిరా, పల్లకి కుట్టిరా అనువానిలోను వెదకుచున్నాము. మగ్గము వద్దకు వంగి చూచువారు తక్కువ. అనేక కార్ఖానాలలో ఆ చట్రము నేటికిని నేలకు జానెడు ఎత్తుననే యున్నది. పనివాడు బాసిపట్లు వేసికొని, మెడ వంచి, రోజునకు పది గంటలు కూర్చుండును. నలువది దాటకముందే కంటిచూపు మందగించును, నడుము పట్టును. డిజైను పుస్తకములు ఏటేట మాఱినవి; ఆ మెడ వంపు మాఱలేదు. కుర్చీ ఎత్తునకు లేపిన చట్రము, కన్నులకు గుచ్చని మంచి దీపము, చిన్న భూతద్దము: ఈ మూటికి ఏ మహాపరిశోధనయు అక్కఱలేదు. వీనికై పూనుకొన్నవారు ఎందఱు?

పూనుకొన్నవాడు ఒకడు మన యెదుటనే కలడు. పోచంపల్లి ఇక్కతునకు దారము సిద్ధపఱచుటలో ఆసు పోయుట యను ఘట్టమొకటి కలదు. అర్ధవృత్తముగా నాటిన మేకుల చుట్టు దారమును ఒక్కొక్క పోగుగా చేతితో త్రిప్పవలెను. ఒక చీరకు చేయి సుమారు 9,000 మాఱులు ఆడవలెను. సంప్రదాయముగా ఇది ఇంటి స్త్రీల పని. ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేటవాడైన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజము నొప్పితో ఇక ఆసు పోయలేనని అనగా, పెద్ద చదువులు లేకున్నను, 1992 మొదలు పట్టుదలతో శ్రమించి, 1999 నాటికి ఆసుయంత్రమును పూర్తిచేసెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియజొచ్చినది. 2017లో పద్మశ్రీ వచ్చినది, 2019లో ఆయన కథ చలనచిత్రమైనది; అవి యటుండనిండు. గమనింపదగిన దేమనగా, ఆ యంత్రము ఇక్కతును ఇక్కతుగానే ఉంచినది. రంగు అద్దుటలోని నేర్పు, పోగుల లెక్క, నేతగాని మగ్గము, వీనిలో ఒక్కదానిని అది తాకలేదు. చీరకు అందము కాని భాగమును, నొప్పిని మాత్రము, తీసివేసినది. శిల్పములో ఏది ప్రాణమో, ఏది వట్టి బాధయో లోపలివానికే తెలియును. దుకాణపు గల్లాపెట్టె వద్ద పుట్టు నవీనత తొలుత తీసివేయునది పనివాని కూలి. తల్లి భుజము వద్ద పుట్టిన నవీనత తీసివేసినది ఆమె నొప్పి.

ఇక పేరు సంగతి. గోదావరి తీరమున నరసాపురము లేసును చూడుడు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన ఆ ప్రాంతపు స్త్రీలకు అబ్బిన ఈ క్రోషే అల్లిక కొక్కెము కూడ మన ఆరీకి చుట్టమే. గుడ్డ లేకుండ గాలిలో అల్లిన టాంబూరే క్రోషే యని కొందఱి ఊహ. ఆ ఊహ నిజమైనచో, గుజరాతు రేవునుండి వెడలిన కొక్కెము శతాబ్దమునకు పైగా విదేశములు తిరిగి, మిషనరీ దొరసానుల పెట్టెలలో నరసాపురమునకు మరలివచ్చినదన్నమాట. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1982లో ఆ లేసు స్త్రీలను గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. గడప దాటకుండ గంటల తరబడి అల్లు స్త్రీని ‘గృహిణి’ యనియు, ఆమె శ్రమను ‘తీఱిక వేళ పని’ యనియు లెక్కగట్టుటచేత కూలి ఎట్లు అడుగంటినదో, ఆ లేసును దేశాంతరములకు పంపు వ్యాపారి ఎట్లు వర్ధిల్లెనో ఆమె కన్నులకు కట్టించినది. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. అయినను ఆ గుర్తింపు ఊరికి, మనిషికి కాదు.

విదేశములలో ఈ మధ్య ఒక మార్పు వచ్చినది. ఐరోపా వస్త్రసంస్థలు చిరకాలముగా తమ కుట్టుపనులను బొంబాయి కార్ఖానాలలో చేయించుకొనుచు, ఆ మాట పైకి పొక్కనిచ్చెడివి కావు. 2023 మార్చి 30వ తేదీన డియోర్ సంస్థ ఆ నగరపు గేట్‌వే ఆఫ్ ఇండియా ముంగిటనే తన ప్రదర్శన జరిపి, పని చేసిపెట్టిన చాణక్య కుట్టుశాల పేరును బాహాటముగా ప్రకటించెను. ఆ కట్టడము ముందు కట్టిన పెద్ద తోరణమును సైతము మన దేశపు చేతులే కుట్టినవి. గుమ్మమునకు తోరణము కట్టుట మనకు క్రొత్త గాదు. కట్టినవాని యింటి పేరు సభలో చెప్పుటయే క్రొత్త. అదియు కుట్టుశాల పేరే, సూది పట్టినవాని పేరు కాదు. అయినను మన సందులలోని దుకాణముతో పోల్చిన ఎంతయో మేలు. మన దుకాణములలో రవికను ‘మా మేడం డిజైను’ అందురు. ఆ మేడం ఊహించినదే కావచ్చును, రంగులు ఎన్నుకొన్నదే కావచ్చును. కాని పదిదినములు గుడ్డ క్రింద ఎడమచేతిని దాచుకొని కుట్టినవాడు వెనుకగదిలో ఉన్నాడు. అతడు పాతబస్తీవాడో, బెంగాలునుండి వచ్చి ఒక గదిలో పదిమందితో నిద్రించువాడో, ఏ పల్లెలోనో నేర్చుకొని ఇంటివద్ద మగ్గము బిగించుకొన్న గృహిణియో, రవిక తొడుగుకొన్న పిల్లకు ఎన్నటికిని తెలియదు.

“పేరు తెలిసి ఏమి చేయవలెను, మాకు చవుకగా వచ్చిన చాలును” అనువారు కలరు. వారి మాట అన్యాయము గాదు. చవుకది చవుకదిగా కొనుటకు వారికి హక్కు కలదు. చవుకదానిని ఖరీదైనదానిగా అమ్ముటకే ఎవరికిని హక్కు లేదు. పట్టునకు 2004 నుండి సిల్కు మార్కు కలదు, చేనేతకు 2006 నుండి హ్యాండ్లూమ్ మార్కు కలదు. పవర్లూము పోటీనుండి చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు 1985లో చట్టమే వచ్చినది. చేతికుట్టునకు అట్టి గుఱుతును నేను ఏ దర్జీ దుకాణములోను చూడలేదు. చట్టమే రావలెనని నేను పట్టుపట్టను. మన చేనేత, జౌళి శాఖలు, దర్జీల సంఘములు కలిసి కూర్చుండి, చేయి, యంత్రము, మిశ్రమము అను మూడు మాటలలో ఒకదానిని బిల్లు మీద వ్రాయుటను నియమముగా చేసినను చాలును. దుకాణదారునకు సిరా ఖర్చు తప్ప వేఱొక నష్టము లేదు.

అది జరుగునంతవఱకు చేయదగినది కొనువారి చేతిలోనే యున్నది. ఈ మాఘమాసపు పెండ్లికి రవిక ఇయ్యబోవు అమ్మలకు నా మనవి. వెల అడుగుటకు ముందు, ఇది ఎవరు కుట్టుదురో, ఎన్ని దినములు పట్టునో అడుగుడు. వచ్చిన రవికను తొడుగుకొనక మునుపు లోపలివైపు త్రిప్పి చూడుడు. చేతిపనియే అయినచో, హుక్కుల పట్టీ ప్రక్క అంగుళమంత గుడ్డముక్క మీద కుట్టినవాని పేరు, ఊరు కుట్టి యిమ్మని కోరుడు. మగ్గము క్రింది చేతికి ఆ పని ఐదు నిమిషములలో అగును.